సాంబశివరావు వాకౌట్లు

సాంబశివరావుకు ఉన్నది ఒకటే జబ్బు. వాకౌట్ చేయడం.

శాసనసభలో చేశాడంటే అర్థముంది, ప్రతిపక్ష సభ్యుడు కాబట్టి. మంగలి షాపులో కూడా సగం గడ్డంతో వాకౌట్ చేశాడు, టీవీలో పాట నచ్చలేదని. ఇంట్లో అయితే అది రోజూ ఉండేదే.

"పప్పులో ఉప్పు లేదు. వాకౌట్ చేస్తన్నా!" అని కంచం ముందు నుంచి లేచేవాడు.

భార్య అలివేలమ్మ తలెత్తకుండానే, "చెయ్యి. వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురా" అనేది.

తెచ్చేవాడు.

ఈ మనిషిని చూస్తే పున్నయ్యకు కడుపు మండేది. ఇద్దరిదీ ఒకటే పార్టీ, పల్నాడులో పక్కపక్క నియోజకవర్గాలు, వరసకు బావా బావమరుదులు. సభకు ఒకే కారులో పోయేవాళ్లు. పున్నయ్య ఒక ప్రశ్న అడగాలంటే వారం రోజులు చదివేవాడు, అద్దం ముందు నిలబడి చెప్పుకునేవాడు. సాంబశివరావు ఏమీ చదవడు. లేస్తాడు, కండువా దులుపుతాడు, బయటికి నడుస్తాడు. మర్నాడు పేపర్లో ఫోటో ఆయనది. పున్నయ్య ప్రశ్న లోపలి పేజీలో, పురుగుమందుల ప్రకటన కింద.

"కండువా దులపటం కూడా ఒక విద్యేనా బావా?" అని ఒకసారి ఎత్తిపొడిచాడు.

"తేలికనుకున్నావా బామ్మర్దీ? గట్టిగా దులిపితే స్పీకరు గారు నొచ్చుకుంటాడు. మెల్లగా దులిపితే కెమెరాకి ఆనదు."

నరసరావుపేటలో ఒక పెళ్లికి వెళ్లారు. భోజనాల దగ్గర తొక్కిసలాట. కూర్చున్న ప్రతివాడి వెనకా, వీడెప్పుడు లేస్తాడా అని కుర్చీ పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. సాంబశివరావు విస్తరిలో చెయ్యి పెట్టకముందే లేచాడు.

"గోంగూరలో ఉల్లిపాయ వెయ్యలా! వాకౌట్!"

పెళ్లికూతురి తండ్రి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, మా మాట వినండి" అంటూ పందిరంతా ఆయన చుట్టూ మూగింది. పెళ్లికొడుకు తల్లి స్వయంగా వచ్చి లోపలికి తీసుకెళ్లి వేరే వడ్డించింది. ఆయన కుర్చీలో, వెనక నిలబడి ఉన్న వాళ్ల కారు డ్రైవరు శౌరి గబుక్కున కూర్చున్నాడు.

ఉల్లిపాయ లేని ఆ గోంగూరే నోరెత్తకుండా తిన్న పున్నయ్యను మాత్రం పలకరించిన నాథుడు లేడు.

ఆ ఏడు బడ్జెట్ సమావేశాల్లో పున్నయ్యకు ఒకే ఒక్క పని పడింది. కారంపూడి అవతల వాగు మీద చప్టా వానాకాలం మునిగిపోతుంది. కిందటి వానల్లో నిండు చూలాలిని ట్రాక్టరు మీద దాటిస్తుంటే నడివాగులోనే కాన్పయింది. అక్కడ వంతెన కడతామని మంత్రి సభలో ఒక్క మాట అనాలి. రోడ్ల పద్దు మీద చర్చ గురువారం. ఆ రోజు దాటితే మళ్లీ ఏడాది.

సోమవారం సాంబశివరావు మైకు గుర్రుమంటోందని వాకౌట్ చేశాడు. మంగళవారం, పార్టీ సమర్థిస్తున్న బిల్లు మీదే చేశాడు.

"మనం మద్దతిచ్చాం గదా బావా!"

"ఇచ్చే చేశా. ఇట్టా ఇంతవరకు ఎవురూ చెయ్యలా."

బుధవారం ఫోటో రెండు పేపర్లలో వచ్చింది. పున్నయ్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

గురువారం పార్టీకి దొరికిన సమయం పది నిమిషాలు. విప్ ఫణీంద్ర ఇచ్చిన వరసలో ముందు సాంబశివరావు, మిగిలితే పున్నయ్య. 'త్వరగా ముగించు బావా' అని అడుగుదామనుకున్నాడు పున్నయ్య. నోరు రాలేదు. ఈ మనిషిని అడిగి పుచ్చుకోవడమా!

సాంబశివరావు లేచాడు. "అధ్యక్షా! పొద్దున క్యాంటీన్ సాంబారులో ఒక్క ములక్కాడ లేదు. నిరసనగా వాకౌట్ చేస్తున్నా."

"సాంబశివరావు గారూ, చర్చ రోడ్ల మీద!"

"ములక్కాడలు రావాల్సింది రోడ్డు మీదే గదా అధ్యక్షా!"

సభంతా గొల్లుమంది. మంత్రి కూడా కళ్లు తుడుచుకున్నాడు. కండువా దులపడం, బయటికి నడవడం క్షణంలో అయిపోయాయి. "మిగతా సమయం పున్నయ్య గారికి" అన్నాడు స్పీకరు నవ్వు ఆపుకుంటూ.

పున్నయ్య వాగు గురించి చెప్పాడు, ట్రాక్టరు గురించి చెప్పాడు. నవ్వుతున్న సభ నిశ్శబ్దమైంది. "ఈ సంవత్సరమే వంతెన మొదలుపెడతాం" అన్నాడు మంత్రి.

మర్నాడు మొదటి పేజీలో, ఎవరిచ్చారో గానీ, ములక్కాడ పట్టుకుని సాంబశివరావు. వంతెన లోపలెక్కడో ఉంది.

తిరుగు ప్రయాణంలో పున్నయ్య పేపరు మడిచి సీటు మీద పడేశాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు. "వంతెన గొప్పదా, ములక్కాడ గొప్పదా బావా?"

"వంతెనే. ఫోటోకి మాత్రం ములక్కాయే బాగుంటది. ఇదిగో, వేరుశనక్కాయలు తిను."

వంతెన మీద బస్సు తిరగడం మొదలైన ఏడాదే సాంబశివరావు నిద్రలో కన్నుమూశాడు.

"కరివేపాకు తెమ్మని చెప్పే టైము కూడా ఇయ్యలా తమ్ముడూ" అంది అలివేలమ్మ.

పెద్దకర్మ భోజనాల దగ్గర ఫణీంద్ర నోరు జారాడు. "లిస్టు రాసేటప్పుడల్లా నీ పేరు తన కిందే పెట్టమనేవాడయ్యా. ఆ టైమేదో నేరుగా నీకే ఇవ్వొచ్చుగా అని నేనంటే, 'వాడు రోషగాడు, ఇస్తే తీసుకోడు. ఖాళీ చేసి పోతే కూర్చుంటాడు' అనేవాడు."

పున్నయ్య ఎదుటి బంతిలో తింటున్న డ్రైవరు శౌరి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన విస్తరి వైపు చూసుకున్నాడు. ఆ రోజు గోంగూరలో ఉల్లిపాయ ఉంది.

తర్వాతి బడ్జెట్ సమావేశాలకు వరసలో ముందు పున్నయ్య పేరు, కింద కొత్తగా గెలిచిన నీరజ పేరు. రాజుపాలెం వైపు రోడ్డు గురించి రాసుకున్న కాగితం ఆ అమ్మాయి చేతిలో నలిగిపోతోంది. ఎవర్నీ ఏమీ అడగదు. రోషం మొహంలోనే తెలుస్తోంది.

పున్నయ్య లేచాడు. వారం రోజులు చదివినదంతా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అధ్యక్షా! క్యాంటీన్ పచ్చడిలో కరివేపాకు లేదు. వాకౌట్ చేస్తున్నా."

"పున్నయ్య గారూ! మీరు కూడానా?"

అప్పటికే ఆయన కండువా దులిపేశాడు. కాస్త గట్టిగానే.

మర్నాడు పొద్దున్నే అలివేలమ్మ ఫోను. "పేపరు చూశా తమ్ముడూ. ఫోటో చానా బాగా పడింది."

"బావ కంటేనా అక్కా?"

"ఆయన కంటేనే. పైన కుళ్లుకుంటా ఉంటాడు."

"కుళ్లుకోనీ అక్కా" అన్నాడు పున్నయ్య పరమానందంగా. "ఇన్నేళ్లు నేను కుళ్లుకోలా ఏంది!"