చీముకీ సిఫారసేనా

దవడ ఉబ్బి అది మూడో రోజు. శ్రీనగర్ కాలనీలో మా వీధి చివర ఉండే పళ్ల డాక్టరు టార్చి వేసి చూసి, కింది దవడ చివరి పన్ను వేరు దగ్గర చీము పట్టిందన్నాడు. "ఇది నా చేతిలో పని కాదండీ. వాపు గొంతు వైపు దిగుతోంది. పూర్తిగా దిగితే ఊపిరాడదు. ఇవాళే స్పెషలిస్టు చేత చీము తీయించుకోండి" అని జూబ్లీహిల్స్‌లోని ఒక ఆసుపత్రి పేరు రాసిచ్చాడు. చెల్లెలు ఆటో పిలిచింది.

ఆ ఆసుపత్రి గోడల నిండా నవ్వులే. తెల్లటి పలువరసలు, కింద తారల సంతకాలు. కౌంటరు దగ్గరి అమ్మాయి నా ముఖం చూడకుండానే ఫారం ముందుకు తోసింది.

"రిఫరెన్స్ ఎవరు సార్?"

"నా పన్ను" అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

"అది కాద్సార్. ప్రొడక్షన్ ఆఫీసు నుంచి పంపించారా, ఎవరైనా కాల్ చేశారా?"

ఎవరూ చేయలేదని చెప్పి వెళ్లి కూర్చున్నాను. చెల్లెలు చెవిలో గొణిగింది. "అన్నయ్యా, నాన్న పేరు చెబితే ఫోనెత్తేవాళ్లు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురున్నారు. ఒక్క మాట చెప్పించనా?"

"చెప్పిస్తే ఇటునుంచి ఇటే ఇంటికి పోతాను."

ఫిల్మ్‌నగర్‌లో నాన్నకు ఒకప్పుడు రెండు షూటింగ్ ఫ్లోర్లు ఉండేవి. వేషం కావాలన్నా, కాలేజీలో సీటు కావాలన్నా జనం మా గేటు ముందు చీటీ కోసం నిలబడేవారు. నాన్న రాసిచ్చేవారు. ఆ చీటీ పట్టుకెళ్లినవాడు ఎవరిని దాటుకుని ముందుకు పోయాడో మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఫ్లోర్లు పోయాయి, ఇల్లు పోయింది. నేను డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసుకుని బతుకుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కరి గేటు ముందూ నిలబడలేదు.

నా పక్క కుర్చీలో ఒక లైట్‌మన్, చెంపకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. ఆయనకూ ఇదే జబ్బు.

"పొద్దుగాల తొమ్మిదికి వచ్చిన సార్. గీడ కూసున్నోళ్లని సూస్తలేరు, ఫోన్ల ఉన్నోళ్లని సూస్తున్రు" అని నవ్వబోయి దవడ పట్టుకున్నాడు.

రెండు గంటల్లో ఐదుగురు మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్లారు. ఒకతనికి శనివారం ఫంక్షనట, ఈలోగా పళ్లు తెల్లబడాలట. నాకు చలి మొదలైంది. ఉమ్మి మింగుడుపడక రుమాలులోకి వదులుతున్నాను. వీపు మాత్రం కుర్చీకి ఆనించలేదు.

ఉన్నట్టుండి నా పేరు పిలిచారు. కౌంటరు అమ్మాయి లేచి నిలబడింది. "సారీ సార్! మీరు ఫలానా వారి అబ్బాయని ముందే చెప్పొచ్చు కద్సార్!"

చెల్లెలు గోడకేసి చూస్తోంది. చేతిలో ఫోను.

ఒళ్లు మండిపోయింది. "ఈయన నాకంటే ముందొచ్చాడు. ఈయన్ని పిలవండి."

"ఊపిరాడక పోతావన్నయ్యా!"

"పోండ్రి సార్, నా పన్ను యాడికన్న ఉరుకుతదా" అన్నాడు లైట్‌మన్.

నేను కదల్లేదు. గొడవ విని స్పెషలిస్టే బయటికొచ్చాడు. నాకంటే పాతికేళ్లు చిన్నవాడు. ఎవరి పేరూ అడగలేదు. "నోరెంత తెరుచుకుంటుందో చూద్దాం. ఇద్దరూ మీ మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి చేర్చి, పళ్ల మధ్య పట్టించండి" అన్నాడు. లైట్‌మన్ నోట్లో మూడూ పట్టాయి. నా నోట్లోకి ఒక్క వేలే అతికష్టం మీద దూరింది.

"మీరు రండి. ఫోను వచ్చిందని కాదు, మీకు టైమ్ లేదు. తర్వాత ఆయన."

చీము పట్టినచోట మత్తు సూది సగమే పనిచేసింది. కోత పెట్టగానే నోరంతా కంపు. కాసేపటికి గుటక పడింది. పన్ను నిలుస్తుందనీ, వాపు తగ్గాక మళ్లీ మళ్లీ వచ్చి వేరు శుభ్రం చేయించుకోవాలనీ చెప్పాడు.

అతనికి దండం పెట్టాను. కోపం మాత్రం తగ్గలేదు, ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు. మూడు వేళ్లు! అందుకు యంత్రం అక్కర్లేదు, డాక్టరు కూడా అక్కర్లేదు. గోడ మీద అన్ని నోళ్లు తగిలించుకున్న ఆ గదిలో, రెండు గంటల పాటు, నోరు తెరిచి చూపించమని మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. చెల్లెలు ఫోను చేయకపోతే గొడవ జరిగేది కాదు, గొడవ జరగకపోతే ఆ తలుపు తెరుచుకునేది కాదు. అంటే నేను బతికింది సిఫారసు వల్లేనా? తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

బయటికొచ్చేసరికి లైట్‌మన్ అదే కుర్చీలో ఉన్నాడు. కౌంటరు అమ్మాయి నల్లకళ్లద్దాల కుర్రాడెవరినో డాక్టరు గదిలోకి తీసుకెళ్తోంది. నా నోటి నిండా దూది. ఒక్క మాట అనలేను. తలుపుకి అడ్డంగా నిలబడి, చెయ్యెత్తి లైట్‌మన్‌ని చూపించాను.

"సార్, ప్లీజ్, పక్కకు జరగండి."

జరగలేదు. చెల్లెలు వచ్చి నా పక్కన నిలబడింది. కళ్లద్దాల కుర్రాడు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏంది సార్ గీ లొల్లి" అంటూ లైట్‌మన్ లేచాడు. తువ్వాలు ముడి విప్పుకుంటూ లోపలికి నడిచాడు.