పేరు పెట్టి పిలిచే గొంతు

నాట్లు వేస్తున్న రోజు మధ్యాహ్నం కూలీలతో పాటు గట్టు మీద కూర్చున్న మా ఆయన, తన క్యారియర్ తెరవకుండా నా ముందు పెట్టి "ముందు నువ్వు తిను" అన్నారు. సరసమేమో అనుకుని ఒక ముద్ద తిన్నాను. మింగేదాకా నా గొంతు వైపే చూస్తూ ఉన్నారు.

మాది మనుబోలు దగ్గర పల్లె. ఆ రోజు నుంచి ఆయన నేను వండింది ముట్టడం మానేశారు. హోటల్ ఇడ్లీలు తెచ్చుకుని గదిలో గడియ పెట్టుకుని తినేవారు. నిద్ర లేదు. ఎవరూ లేని చోట ఎవరికో జవాబులు చెప్పేవారు. మా అత్త గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. అది పనిచేయకపోయేసరికి ఆవిడ అనుమానం నా మీదికి తిరిగింది.

"నా బిడ్డకి ఏం పెట్టినావే?" అని మొహం మీదే అడిగింది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఊరంతా ఆ మాట నమ్మితే నా గతేంటి?

నెల్లూరు ఆస్పత్రిలో స్కాన్, బ్లడ్ టెస్టులు అన్నీ నార్మల్ వచ్చాయి. సైకియాట్రీ డాక్టరమ్మ "ఇది సైకోసిస్. లేని గొంతులు వినపడతాయి, అయినవాళ్ళ మీదే అనుమానం వస్తుంది. ట్రీట్‌మెంట్ ఉంది. టాబ్లెట్స్ మాత్రం ఆపకండి" అన్నారు. తర్వాత జబ్బు హిస్టరీ కోసం నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. మేం మాట్లాడుకోవడం ఆయన తలుపు అద్దంలోంచి చూశారు. బస్సులో నా పక్కన కూర్చోలేదు. "డాక్టర్‌ని కూడా నీ వైపు తిప్పుకున్నావా" అన్నారు. ఇంటికి రాగానే మాత్రలు కాలవలో పారేశారు.

కొన్నాళ్ళకే హైవే మీద లారీలకు ఎదురు నిలబడితే జనం పట్టుకొచ్చారు. అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు ఇచ్చారు. నిద్ర పట్టింది, కేకలు తగ్గాయి. ఇంటికొచ్చినా నా చేతి అన్నం మాత్రం ముట్టలేదు. అత్త నా చీరలు సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది.

"నువ్వుంటే వాడు బతకడు. నాయుడుపేటకి పో, మీ అమ్మ కాడ ఉండు."

వెళ్తే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరని నాకు తెలుసు. డాక్టరమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశాను. ఆవిడ అంతా విని, "మా స్టాఫ్ ఒక కొత్త పద్ధతి నేర్చుకుంటున్నారమ్మా. మేమే మీ ఇంటికి వస్తాం. అందరం కలిసి కూర్చుందాం. ఆయన గురించి ఆయన లేనిచోట ఒక్క మాట కూడా మాట్లాడం" అన్నారు.

అన్నట్టే వచ్చారు. ఆవిడతో ట్రైనింగ్‌లో ఉన్న కౌన్సెలర్ అమ్మాయి, సూళ్లూరుపేట నుంచి ఖాదర్ అన్న. ఖాదర్ అన్నకి బట్టల కొట్టు ఉంది. ఒకప్పుడు ఆయనకీ ఇదే జబ్బు. ఇప్పుడు మాలాంటి ఇళ్ళకు తోడు నిలిచే పీర్ సపోర్ట్ వర్కర్‌గా వస్తున్నాడు.

వసారాలో చుట్టూ కూర్చున్నాం. కౌన్సెలర్ అమ్మాయి నా వైపు తిరిగి "సార్ నిద్రపోతున్నారా?" అంది. డాక్టరమ్మ మెల్లగా "ఆయన్నే అడుగు" అన్నారు. ఆ పిల్ల కంగారుపడి మా ఆయన్ని అడిగింది. ఆయన పలకలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

అప్పుడు ఖాదర్ అన్న అన్నాడు: "నాకు మా మామ గొంతు వినపడేదన్నా. రైలు కింద పడమనేది. మందులతో తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నీకేమంటా ఉంది?"

వినపడుతోందా అని అంతవరకూ అందరూ అడిగారు. ఏమంటోందని ఎవరూ అడగలేదు. మా ఆయన నేల వైపు చూస్తూ చెప్పారు.

"ఈమె గొంతే. రేయ్ అని, నా పేరు పెట్టి పిలస్తాది. అన్నంలో విషం కలిపినా, తిని చావు అంటాది."

కౌన్సెలర్ అమ్మాయి మా అందరికీ వినపడేలా డాక్టరమ్మతో "ఇన్నాళ్ళూ అది వింటూ ఈ ఇంట్లోనే ఉన్నారంటే ఎంత భయపడి ఉంటారు మేడమ్" అంది. "ఈ అమ్మాయికీ అంతే భయం" అన్నారు డాక్టరమ్మ నన్ను చూపించి. అలా మా ముందే మాట్లాడుకోవడం వాళ్ళ పద్ధతట.

అంతలో మా అత్త ఒక్కసారిగా లేచింది.

"పేరు పెట్టా? ఇదా? పెళ్ళయిన కాడి నుంచి నీ పేరు దీని నోట ఎప్పుడన్నా విన్నావురా? రేషన్ షాపోడు మొగుడి పేరు అడిగితే నన్ను చెప్పమంటాది. రేయ్ అని పిలస్తే నేను ఊరుకుంటానా?"

ఎవరూ నవ్వలేదు. మా ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. ఎన్ని నెలలైందో అలా చూసి.

"నిజమే, పిలవదు" అన్నారు. "మరి అదెవురు?" అని అడిగారు.

"అది తెలీకపోయినా పర్లేదన్నా. ఈమె కాదని తెలిసింది గదా" అన్నాడు ఖాదర్ అన్న.

ఆ సాయంత్రం సంచి అత్తే లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ముందే హెచ్చరించారు, ఒక్క మీటింగ్‌తో నయం కాదు, టాబ్లెట్లూ సాగాలి, ఈ కూర్చోవడమూ సాగాలి అని. చాలాసార్లు వచ్చారు. నా వంట తినడానికి ఆయనకి ఇంకా చాలా కాలం పట్టింది.

ఇప్పుడు చేలోకి వెళ్తున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే, మందులు మానిపించకుండా, ఆ గొంతు ఏమంటోందో వాళ్ళనే అడగండి. నిజమేనని వంతపాడొద్దు, భ్రమని కొట్టేయొద్దు. వినడానికి గుండె చాలదు. నాకూ చాలలేదు.

మొన్న చేపల పులుసు వడ్డిస్తుంటే ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఏమంటా ఉంది?" అని అడిగాను.

"తినొద్దంట."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"నువ్వు పులుసు పొయ్యి" అన్నారు.