అక్క మొక్కు, నా వీపు మీది బ్యాగు

శ్రీశైలం దాకా కాలినడకన పోవడానికి పనికొచ్చే తేలికపాటి బ్యాగు కావాలని మొన్న మదీనాగూడలో ఒక దుకాణానికి వెళితే, అక్కడి అమ్మాయి ఖాళీ బ్యాగు చేతికివ్వకుండా అందులో రెండు ఇసుక సంచులు పెట్టి నా వీపుకు తగిలించి, "జర అటూ ఇటూ నడవండి అంకుల్, బరువు భుజాల మీద పడొద్దు, నడుము మీద కూసోవాలె" అంటూ బెల్టు బిగించింది. ఈ ముక్క పాతికేళ్ల కిందట నాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

హైటెక్ సిటీలో నాకు ఉద్యోగం దొరికితే శ్రీశైలానికి నడిచి వస్తానని మా పెద్దక్క మొక్కుకుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. కూకట్‌పల్లిలో వాళ్లింట్లో ఉండే చదువుకున్నాను. ఉద్యోగమైతే వచ్చింది గానీ, అక్కకు అప్పటికే షుగరు. అందుకని ముందు అలవాటు కావాలని ఒక ఆదివారం పొద్దున్నే, తను ఏమీ తినకుండానే మాత్ర వేసుకున్నాక, గచ్చిబౌలి దాకా నడవడానికి బయల్దేరాం. ఆఫీసులో ఊరికే ఇచ్చిన బ్యాగులో అడుగున బెల్లం ముక్క, పైన దుప్పటి, గొడుగు, నీళ్ల సీసాలు, దారిలో తినడానికి పులిహోర పెట్టిన స్టీలు క్యారేజీ కుక్కేశాను. కొత్త ఉద్యోగపు ధీమా కాబోలు, అక్క అడిగినా చిన్న సంచీ కూడా పట్టుకోనివ్వలేదు.

మొదటి గంటకే సన్నటి పట్టీలు భుజాల్లోకి దిగాయి, క్యారేజీ అంచు వెన్నులో పొడవసాగింది. అద్దాల భవనాలు నాలుగు దాటితే ఆ రోజుల్లో ఇక అన్నీ కొండరాళ్లే, పని ఆగిన కట్టడాలే, మనిషి అలికిడి లేదు. వేళ్లు తిమ్మిరెక్కి నేనొక బండ మీద కూలబడితే, "మెల్లగా పోతుంటాను, అందుకోరా" అని అక్క ముందుకు సాగింది. తను తినాల్సిందంతా నా వీపు మీదే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కాసేపటికి లేచి మలుపు తిరిగి చూస్తే రోడ్డంతా ఖాళీ. అక్క లేదు. కేక వేశాను, పలుకు లేదు. బ్యాగును రొమ్ముకు హత్తుకుని పరుగెత్తాను.

రోడ్డు దిగి, ఒక పెద్ద రాతికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. "అక్కా!" అని భుజం పట్టుకుంటే నన్ను ఎగాదిగా చూసి, "ఎవరండీ మీరు?" అంది.

నన్ను పెంచిన మనిషి నన్ను "అండీ" అంది. షుగరు పడిపోయిందని అప్పుడు తట్టింది. బ్యాగు తెరవబోతే జిప్పులో దుప్పటి ఇరుక్కుంది. లాగితే రాదు, కొరికితే రాదు. చివరికి రాతి అంచుకేసి రాచి బ్యాగు గుడ్డ చింపి, అడుగున ఉన్న బెల్లం ముక్క తీసి, కొద్దికొద్దిగా ఆమె నోట్లో పెట్టాను. ఆ కొద్ది నిమిషాలూ ఆమె కళ్లలోకే చూస్తూ, నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను.

"ఏరా, ముఖం అలా ఉందేం? పులిహోర ఏది?" అంది అక్క ఉన్నట్టుండి. నవ్వబోయి ఏడ్చేశాను.

మరుసటి నెల బెల్లం కొంగున కట్టుకుని, డాక్టరు చెప్పినట్టే మాత్రలు మార్చుకుని, అక్క మొక్కు తీర్చుకుంది. చేనేత సంచీ ఒకటి భుజాన వేసుకుని నేను పక్కనుంచి అడుగు కదలలేదు. ఆ పొద్దున నన్ను ఎవరండీ అని అడిగిందని మాత్రం ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. పోయినేడు అక్క వెళ్లిపోయింది, ఇక చెప్పేదీ లేదు.

ఆ రాళ్లు ఇప్పుడు లేవు. ఎక్కడ కూర్చుందో చూద్దామని ఆమధ్య కారు ఆపించి దిగాను గానీ, ఫ్లైఓవరు కింద దిక్కు కూడా పోల్చుకోలేకపోయాను. అడుగడుగునా టీకొట్లు, మందుల దుకాణాలు. నీరసమొస్తే ఏదో ఒకటి దొరక్కపోదు. మేలే జరిగింది, కాదనను. కానీ నాకేదో మంచి జరగాలని అంత దూరం నడుస్తానని మొక్కుకునే మనిషి మాత్రం ఇప్పుడీ ఊళ్లో నాకెవరూ లేరు.