రెండో చరణంలోని పిల్ల

కురొసే రేవులో సాయంత్రం ఐదయ్యేసరికి స్తంభం మీది లౌడ్‌స్పీకర్‌లోంచి ఊరిపాట మోగుతుంది. పిల్లలు ఆట మాని ఇళ్లకు పోతారు. వలలు బాగుచేసేవాళ్లు లేచి ఒళ్లు విరుచుకుంటారు. సోయాపాలతో జున్నులాంటి టోఫు చేసి, బకెట్‌లో తిప్పి అమ్మే తొకుజో మాత్రం చేతిలో పని ఆపి పెళ్లాం మొహంలోకి చూసేవాడు.

పాటలో మూడు చరణాలు. మొదటిది కొండమీది మంచు గురించి, మూడోది లైట్‌హౌస్ గురించి. వాటితో అతనికి పేచీ లేదు. ఒళ్లు మండేదల్లా రెండోదానికే.

నల్లరాళ్ల ఒడ్డుమీద నాచు ఆరవేసే
ఎర్ర తలగుడ్డ పిల్లా, ఇటు ఒక్కసారి చూడవే

ఈ పాట కట్టింది హనాబుసా మాస్టారు. వయసులో ఉండగా కొన్నాళ్లు కురొసే బడిలో చదువు చెప్పి, బదిలీ మీద పట్నం వెళ్లిపోయాడు. తరవాతెప్పుడో ఊరికో పాట ఉండాలని పెద్దలు పోటీ పెడితే, ఆయన పంపినదే నెగ్గింది. ఆయన ఇక్కడున్న రోజుల్లో ఒడ్డున, కూరకి వాడే సముద్రపు నాచు ఆరవేసిన ఆడపిల్లలు చాలామందే. ఎర్ర తలగుడ్డ కట్టింది మాత్రం మిత్సుయో ఒక్కతే. ఆ మిత్సుయోనే తొకుజో చేసుకున్నాడు. పాట ఊళ్లోకి వచ్చేనాటికి వాళ్ల పెద్దపిల్ల పాకుతోంది.

మంగలి సకుబె అతని గడ్డం గీస్తూ కదలడానికి వీల్లేనప్పుడే అనేవాడు. "పాపం మాస్టారు! ఇటు చూడవే, ఇటు చూడవే అని అంత బతిమాలుకుంటే, ఆ పిల్ల వెళ్లి వెళ్లి నీ టోఫు బకెట్‌లోకి చూసిందేంట్రా?"

"కత్తి చూసుకుని గియ్యి" అనేవాడు తొకుజో.

మిత్సుయోని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే చిన్నతనం. ఆడవాళ్లు ఆటపట్టిస్తే ఆమె అవుననేది కాదు, కాదనేది కాదు, చేత్తో నోరు మూసుకుని నవ్వేది. ఆ నవ్వే అతనికి అరిగేది కాదు. సోయా గింజలమ్మే షావుకారు కొత్త సంవత్సరానికి ఆమెకు ఎర్ర ఏప్రన్ ఇస్తే, మర్నాటికల్లా తొకుజో దాంతో పొయ్యి మసి తుడిచేశాడు.

"అయ్యో, కొత్తదయ్యా అది!"

"మసిగుడ్డనుకున్నాను."

ఆగస్టులో, చనిపోయిన పెద్దలు ఇళ్లకు వచ్చే బొన్ పండుగప్పుడు ఇంకా కష్టం. మైదానం మధ్య మంచె కడతారు, జనం దాని చుట్టూ తిరుగుతూ ఊరిపాటకు ఆడతారు. మంచె మీద పెద్దడోలు తొకుజోదే. అంత చెయ్యి ఊళ్లో ఇంకెవరికీ లేదు. రెండో చరణం రాగానే అతని కర్రలు పిడుగుల్లా పడేవి, పాడేవాళ్ల గొంతు వినపడేది కాదు. "తొకుజో చరణం వచ్చిందర్రా, చెవులు మూసుకోండి!" అని కింద ఒకటే నవ్వులు.

అలాగే ఇద్దరికీ జుట్టు నెరిసింది. అప్పుడు రేవుదగ్గర పాటని రాతిమీద చెక్కించి, ఆవిష్కరణకి మాస్టారినే పిలిచారు.

ఆ పొద్దున మిత్సుయో అద్దం ముందు కూర్చుని పెదాలకు కాస్త రంగు అద్దుకుంది. తొకుజో చూశాడు.

"రాయి చూడ్డానికి పెదాలకి రంగెందుకు?"

"రాయి నన్ను చూడొద్దూ?" అందామె.

మాస్టారు బాగా బక్కచిక్కి, చేతికర్ర ఊతంతో కారు దిగాడు. ఆవిష్కరణ తరవాత విందులో మిత్సుయో టోఫు గిన్నె ఆయన ముందు పెట్టి తలవంచింది. తొకుజో వెనకే నిలబడ్డాడు, ముసలాయన కళ్లమీంచి చూపు తియ్యలేదు.

"మాస్టారూ, నేను మిత్సుయోని. నాచు ఆరవేసే ఒడ్డున ఉండేదాన్ని."

"అలాగా, అలాగా. సంతోషమమ్మా. ఇంకాస్త అల్లం ఉందా?"

సకుబె ఊరుకుంటాడా? "మాస్టారూ, ఇన్నాళ్లకి దొరికారు. ఆ ఎర్ర తలగుడ్డ పిల్ల ఎవరో చెప్పి తీరాలి."

మాస్టారు నవ్వాడు. "ఎవరూ లేరు బాబూ. పిల్ల లేని ఊరిపాట ఎవరు పాడతారు? మొదట నీలం అనే రాశాను. తాళానికి సరిపోక ఎర్ర అన్నాను."

అందరూ గొల్లుమన్నారు, మిత్సుయో వైపు చూశారు. ఆమె చేతిగుడ్డ మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. పెదాలమీది రంగు ఒక్కటే ఆ మొహంలో మిగిలినట్టుంది.

గుండెలమీంచి బండ దిగినట్టుండాలి తొకుజోకి. దిగలేదు. ఒళ్లంతా మంట ఎక్కింది.

"అబద్ధం!" అన్నాడు. "మీరు పెద్దవారు, మర్చిపోయారు. ఈవిడే. ఇలాంటి పిల్లని చూసి మర్చిపోయే మగాడెవడండీ? తల ఇలా పక్కకి వంచి నాచు దులిపేది. నీళ్లు ఎండకి మెరుస్తూ మోచేతులదాకా కారేవి. దారినపోయేవాడు ఆగి చూడాల్సిందే!"

మాస్టారు కళ్లజోడు సర్దుకుని మిత్సుయోని మొదటిసారి సరిగ్గా చూశాడు. "అయి ఉండొచ్చు" అన్నాడు మెల్లగా.

"ఉండొచ్చు కాదు. ఈవిడే!"

ఇంటికి నడుస్తుంటే మిత్సుయో అంది: "ఆయన మా ఒడ్డుకి ఒక్కనాడూ రాలేదయ్యా. ఆగి చూసింది నువ్వే. బకెట్‌లో టోఫు పులిసిపోయేదాకా."

"మరి ఇన్నాళ్లూ కాదని చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా. అయినా పాటలో ఉండటం బాగానే ఉండేదిలే."

ఆ వేసవి నుంచి రెండో చరణం రాగానే అతని డోలు నెమ్మదించేది, ప్రతి మాటా వినపడాలని. అలాగని అతను చల్లబడ్డాడనుకుంటే పొరపాటు. ఊళ్లోని సత్రం వాళ్లు తమ కోడలికి ఎర్ర తలగుడ్డ కట్టించి, ఆమె బొమ్మ పోస్టరు మీద వేశారు, కింద ఊరిపాట అచ్చువేశారు. తొకుజో సత్రానికి టోఫు పంపడం మానేశాడు.

"ఎవత్తెనో తెచ్చి పాటలో కూర్చోబెడితే ఒప్పుకుంటామా?" అంటాడు సకుబె దగ్గర, సబ్బు నురగలోంచి.