కుందేలుకు సోమవారం తలస్నానం

మా చిన్నప్పుడు సోమవారం వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ తలస్నానం తప్పేది కాదు... మనుషులకే కాదు, మా కుందేలుకు కూడా.

నవ్వకండి. మాది నారాయణఖేడ్. ఇంట్లో సగం కన్నడం సగం తెలుగు, గడప దాటితే అంతా తెలుగే. నానమ్మను అజ్జి అని పిలిచేవాళ్ళం. మా మేనమామ కంగ్టి నుంచి కుందేలు పిల్లను తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు అజ్జి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఇంట్ల తిరిగేదైతే సోమారం తానం చెయ్యాలె. లేకుంటే దేవుని అర్ర దిక్కు రావొద్దు."

దాని రంగు చూసి నేను బెల్లం అని పేరు పెట్టాను. ఇక ప్రతి సోమవారం కాగులో నీళ్ళు కాగడం, బెల్లం నెత్తిన రెండు చెంబులు పోయడం, పాత తుండుగుడ్డతో తుడిచి నుదుటన విభూతి పెట్టడం... అన్నీ అజ్జే. అది బిక్కచచ్చిపోయి చూసేది. నాకేమో పండగ.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఒకరోజు బెల్లం వెనక కాలితో ఎడమ చెవిని ఒకటే గోక్కుంటూ కనిపించింది. మధ్యమధ్యలో తల విదిలించేది. ఏ పురుగో పట్టి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను. రెండు రోజులకు తల ఎడమకు వాల్చి కూర్చుంది. నాకు భలే వింతగా అనిపించింది... నేల కింద ఏదో చప్పుడు వింటోందనుకున్నాను. నేనూ పక్కనే బోర్లా పడుకుని బండకు చెవి ఆనించాను. నాకేమీ వినపడలేదు.

కుడి వైపు నుంచి కొత్తిమీర చూపించాను. రాబోయి ఎడమకు ఒరిగిపోయింది. ఎడమ వైపు నుంచి చూపించాను... ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. ఎందుకలా చేస్తోందో తెలుసుకోవాలని ఒకటే ఆరాటం. ఆఖరికి ఇదేదో కొత్త ఆట అని తేల్చుకుని పక్కింటి పిల్లల్ని కూడా పిలిచాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు బెదిరి బెల్లం పొర్లింది... ఆపుకోలేక మూడు నాలుగు పల్టీలు కొట్టింది. పట్టుకుని దగ్గరగా చూస్తే కనుగుడ్లు ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. అప్పుడు భయం వేసింది. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అజ్జి వచ్చి చూసి దిష్టి తగిలిందంది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు మేమిద్దరం దగ్గి దగ్గి చచ్చాం... బెల్లం తల మాత్రం వాలినట్టే ఉంది. మధ్యాహ్నం మెంతాకు మూతి దగ్గర పెట్టినా ముట్టలేదు. అజ్జి ముఖం మారిపోయింది.

"తిండి బంద్ చేసినంక ఇగ ఇంట్ల కూసునుడు కాదు. నడువు."

కూరగాయల బుట్టలో గుడ్డ పరిచి, అందులో దాన్ని పెట్టుకుని పశువుల దవాఖానకు నడిచాం. ఎడ్లు, బర్రెలు తెచ్చినవాళ్ళు మా బుట్టలోకి తొంగి చూసి ముసిముసిగా నవ్వారు. డాక్టరు నవ్వలేదు. చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"చెవిల చీము పట్టింది. అది లోపల్కి పోయినట్టుంది. గా లోపలి చెవే దాన్ని నిలబెడ్తది బిడ్డా. అది చెడితే భూమి గిర్రున తిరిగినట్టయితది, అందుకే పడుతుంది. చెవుల నీళ్ళేమన్న పోయినయా?"

నేను అజ్జి వైపు చూశాను. అజ్జి బుట్ట వైపు చూసింది.

"సోమారం సోమారం తానం చేపిస్త సారూ."

"కుందేలుకు తానమేంది అవ్వా? అది నాక్కుంట దానంతట అదే సాఫ్ చేసుకుంటది. నీళ్ళతోనే అయిందని గట్టిగ చెప్పలేను గని... ఇగ చెయ్యకు."

మందు రాసిచ్చాడు. చిన్న జాగాలో ఉంచి రెండు వైపులా మెత్తటి గుడ్డలు ఆనించమన్నాడు. మాటిమాటికీ ఎత్తొద్దు, చుట్టూ చేరి గోల చెయ్యొద్దు, చెవిలో నూనె పొయ్యొద్దు అన్నాడు.

"అన్నిటికన్న తిండి ముఖ్యం. కుందేలు ఒక్క దినం తినకున్నా పానం మీదికొస్తది. ఆకు మెత్తగ నూరి నోటికి పెట్టుండ్రి. పొద్దుగాల్ల దాకా తినకుంటే జల్దీ తీస్కరాండ్రి."

ఇంటికి రాగానే అజ్జి తన పాత ఇల్కల్ చీర చింపి, చుట్టలు చుట్టి, బెల్లానికి అటూ ఇటూ ఆనించింది. మెంతాకు నూరి వేలితో మూతికి రాసింది. అది మూతి తిప్పేసుకుంది. మళ్ళీ రాసింది. మళ్ళీ... కొంచెం లోపలికి పోయింది.

పూజ కాకుండా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, మర్నాడు పొద్దున స్నానమైనా చేయకుండా బుట్ట ముందు కూర్చుని ఉంది. నేను కళ్ళు నులుముకుంటూ వెళ్ళేసరికి బెల్లం కొత్తిమీర కాడ కొరుకుతోంది. ఒరిగిపోతూ, చీర చుట్టకు ఆనుకుంటూ, మళ్ళీ కొరుకుతోంది. అజ్జి దాని ముఖానికి సరిగ్గా కనపడేలా తన తల కూడా ఎడమకు వాల్చి, "తప్పు నందే" అంది. తప్పు నాదే అని, కన్నడంలో... ఒక కుందేలుతో, నా ఎదురుగా.

నాకు ఏడుపొచ్చింది. బెల్లం బతుకుతుందన్న సంతోషం ఒకటి... మా ఇంట్లో ఒక పెద్దమనిషి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి కావడం ఇంకొకటి.

మూడు వారాలు మందు వేశాం. మెడ కాస్త వంకరగానే ఉండిపోయింది గానీ, ఆ తర్వాత కొన్నేళ్ళు ఇల్లంతా గెంతుతూ బతికింది. దేవుడి గదిలోకి కూడా వెళ్ళేది. అజ్జి ఏమీ అనేది కాదు.

ఇప్పుడు కుందేలు తల వాల్చిందంటే ఫోన్‌లో రెండు నిమిషాల్లో అంతా తెలిసిపోతుంది. మనకు తెలియనిదంటూ ఏమీ లేదు కదా... మొన్న ఒక విషయంలో మా అబ్బాయిని నిష్కారణంగా తిట్టాను. తప్పు నాదేనని ఆ సాయంత్రమే తెలిసింది. వాడికిష్టమైన ఉప్మా చేసి పెట్టాను, జుట్టు నిమిరాను, అన్నీ చేశాను... ఆ ఒక్క మాట మాత్రం ఇంకా అనలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మీ ముందు ఆ మాట అన్నారా? ఎలా అన్నారో కాస్త చెప్పండి... నేర్చుకుంటాను.