అంజలి బుట్టలో ఎర్రపండు

కొండ మీది మంచును కొంగున ముడేసుకొని తేవాలనుకునే మనిషిని ఏమనాలి? ఎల్లారెడ్డి దగ్గరి తండాలో సేవ్లిని పిచ్చిదనే అన్నారు. అన్నవాళ్లలో మొగుడు రూప్‌సింగ్ మొదటివాడు.

నాలుగేళ్లుగా దసరా వెళ్లగానే సేవ్లి మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండ మీది స్ట్రాబెర్రీ తోటల్లో కూలికి పోయేది. అక్కడ పొద్దెక్కినా మంచు విడవదు. ప్లాస్టిక్ కవర్ కప్పిన పొడుగాటి పందిరిలోకి అడుగుపెడితే మాత్రం వెచ్చగా ఉండేది. లోపలంతా పాలలాంటి వెలుతురు. ఆ వెలుతురులో ఎర్రటి పండ్లు తెంపుతూ, ఇక్కడ నానమ్మ పక్కలో పడుకునే కూతురు అంజలిని తలుచుకునేది. తిరిగొచ్చేటప్పుడు ప్రతిసారీ గుప్పెడు పండ్లు కొంగున కట్టుకునేది. కామారెడ్డి బస్టాండులో దిగేసరికే అవి పచ్చడయ్యేవి. ఇంటికొచ్చి ముడి విప్పితే ఎర్రనీళ్లు తప్ప ఏమీ మిగిలేది కాదు.

"పండు తెచ్చిన్నంటివి, ఏది?" అనేది పిల్ల. పోయినసారి ఆ మాట కూడా అడగలేదు. ఏడేళ్ల పిల్ల నానమ్మ వెనక నక్కి, కన్నతల్లిని ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూసింది. అందుకే ఈసారి సేవ్లి తోటలో నాట్లు కాగానే తిరిగొచ్చేసింది, తడి గోనెలో ఏడు మొక్కలు చుట్టుకొని. ఒక్క పండైనా ఇంటి ముందు పండించి పిల్ల చేతిలో పెడితే, అప్పుడైనా బిడ్డ తన దగ్గరికి వస్తుందని ఆమె ఆశ.

ఎల్లారెడ్డిలో పరుపుల దుకాణంవాళ్లు పారేసే కవర్లు అడిగి తెచ్చుకుంది. వెదురు బద్దలు వంచి వాకిట్లో చిన్న పందిరి వేసింది. పుష్యమాసం చలికి తండా అంతా మంటలు వేసుకుంటుంటే సేవ్లి ఆ పందిరిలో ముడుచుకొని కూర్చునేది. కవర్ మీద మంచుచుక్కలు మెల్లగా జారుతుంటే, ఆ కొండే నడుచుకుంటూ తన వాకిట్లోకి వచ్చినట్టు ఉండేది. అలాగే కళ్లు మూతలు పడేవి.

"అండ్ల ఇంకొకలకు జాగున్నదా? నేను గూడ రానా?" అని బయట నుంచి రూప్‌సింగ్ ఎగతాళి చేసేవాడు.

కొండ మీద పందిరి తలుపు జానెడు తెరిచి ఉంచినా చలి దూరుతుందని తోట సేటు తిట్టేవాడు. నాలుగేళ్లు తిన్న తిట్లు ఊరికే పోతాయా? మాఘమాసంలో ఎండ ముదిరినా సేవ్లి పందిరి మూతి బిగించి కట్టే చేనుకు పోయింది. సాయంత్రం వచ్చి విప్పితే గుప్పుమని ఆవిరి కొట్టింది. ఆరు మొక్కలు ఉడికిపోయాయి.

"కూరైంది. ఇగ రొట్టెలు జేస్తే అయిపోతది" అన్నాడు రూప్‌సింగ్. ఆమె ముఖం చూశాక నాలుక కరుచుకున్నాడు.

మూలనున్న ఏడో మొక్క ఒక్కటే బతికింది. దాన్ని ఎక్కడ దాచాలా అని చూస్తుంటే గోడకు తగిలించిన తీజ్ బుట్ట కనబడింది. శ్రావణంలో తండా ఆడపిల్లలు తీగబుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు మొలక పెంచే పండుగ అది. ఆ మొలకను ఎవరూ ఎండకు పెట్టరు. నీడన, మూడు పూటలా నీళ్లు చల్లి పెంచుతారు. చిన్నప్పుడు తనూ పెంచిందే. అంత తెలిసీ సేటు మాట పట్టుకున్నందుకు సేవ్లి తన్ను తానే తిట్టుకుంది. బుట్టలో మేకల ఎరువు కలిపిన మట్టి నింపి మొక్క నాటింది. పందిరి మీది కవర్లు పీకేసి తడి గోనెలు కప్పి, ఆ నీడన బుట్టను వేలాడదీసింది. చెంబు అందుకుంది.

"ఆగు!" అంటూ అంజలి పరుగెత్తుకొచ్చింది. "గది నా బుట్ట. పెండ్లయినోళ్లు నీళ్లు పొయ్యద్దు."

తీజ్ బుట్టకు పెండ్లికాని పిల్లలే నీళ్లు పోయాలి. ఆ కట్టు తండాలో ఎవరూ దాటరు. సేవ్లి చెంబు కూతురి చేతికిచ్చింది. "నిజమే బిడ్డా, మరిచిన. నువ్వే పొయ్యి."

అప్పటినుంచి అంజలి మూడు పూటలా వచ్చేది. మొదట్లో మాటా పలుకూ లేకుండా నీళ్లు పోసి పోయేది. నాలుగు రోజులకు, "ఆడ ఎక్కడ పండుకుంటుంటివి?" అని అడిగింది. సేవ్లి చెప్పింది. మంచులో చెట్లు మాయమవడం, పక్కన నడిచే మనిషి కూడా కనబడకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తప్ప దొరకకపోవడం. పిల్ల నోరు తెరుచుకొని వినేది. ఈలోగా తెల్లపువ్వు పూసింది, కాయ కట్టింది. హోళీ ఇంకో వారం ఉందనగా రేగుపండంత కాయ ఎర్రబడింది.

అంజలే తెంపింది. కానీ నోట్లో పెట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకుంది.

"యాడీ" అంది. అమ్మా అని ఆ పిల్ల పిలిచి ఏడాది దాటింది. "నువ్వొచ్చినప్పుడు నీ కొంగు గీ వాసనే వస్తుండె."

"తిను బిడ్డా."

"తినను. అయిపోతే మళ్ల తేనీకి పోతవ్."

పిల్ల పండు కోసం ఎదురుచూస్తోందని సేవ్లి ఇన్నాళ్లూ అనుకుంది. కూతురు ఆ పండుకే భయపడుతోందని ఇప్పుడు తెలిసింది. దుఃఖం ఆగలేదు. బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

"పోను. మొక్క ఈడ్నే ఉన్నది గద, నేనెటు పోత?"

అంజలి తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పండు నోట్లో వేసుకొని, పుల్లగా ఉందని ముఖం చిట్లించింది.