ఘాటు ఎక్కని మామిడిగంపలు

నాకు మామిడిపండంటే పడదు. బనగానపల్లెలో పుట్టి ఈ మాట అంటే విన్నవాళ్లంతా ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ. ఆ రోజు ఆ కారులో వాళ్లు లేరు కదా!

పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. నాకు తొమ్మిదేళ్లుంటాయేమో. రాయచోటి పక్క పల్లెలో మా మేనమామ పెండ్లి. మా వైపు తాళికి రెండు ముళ్లు పెండ్లికొడుకు వేస్తే, మూడోది ఆడబిడ్డ వేయాలి. మామకు తోబుట్టువు మా అమ్మ ఒక్కతే. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే వాళ్లమ్మ పోతే చంకనేసుకుని పెంచింది కూడా అమ్మే. "నేను ముడేస్తే గానీ వాని పెండ్లి అయినట్టు గాదు" అని ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది. నెల రోజులుగా మా ఇంట్లో ఇంకో మాట లేదు.

లగ్నం గోధూళి వేళకు. పొద్దున్నే బస్సెక్కి కడపలో మారితే లగ్నానికి ముందే చేరిపోయేవాళ్లం. మా నాయన వింటే కదా! అల్లుడు బస్సు దిగితే పరువేం కావాలి? అద్దెకారు మాట్లాడాడు. సరే, ఆ కారన్నా పొద్దున్నే కదిలిందా అంటే అదీ లేదు. తోటలో పండ్లు కోయించి, గంపల్లో వరిగడ్డి పరిపించి, ఒక్కో పండునూ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పేర్పించేసరికి ఎండ నెత్తికెక్కింది. డిక్కీలో గంపలు, డ్రైవరు పక్క సీటులో గంపలు, మా కాళ్ల దగ్గర గంప. నాయన, అమ్మ, నేను, అమ్మ ఒళ్లో తమ్ముడు, అందరం వెనక సీటులో ఇరుక్కున్నాం.

అమ్మకు కోపమొస్తే నాయనతో నేరుగా మాట్లాడదు. నన్ను మధ్యన పెడుతుంది.

"మీ నాయనకు చెప్పు, పెండ్లి నా తమ్మునికి, మామిడిపండ్లకు గాదని."

"మీయమ్మకు చెప్పు, చేతులూపుకుంటా పోయే అల్లుణ్ని గాదు నేనని."

ఇద్దరూ నాకు చెరో పక్కనే ఉన్నారు. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంది. అయినా నేను మళ్లీ చెప్పకపోతే మొట్టికాయ నాకే. కడప దాకా ఇదే వరస.

గువ్వలచెరువు ఘాటు మొదలయ్యేసరికి పొద్దు వాలింది. రోడ్డంటే రోడ్డా అది! కంకర తేలిపోయి, గుంత తప్పితే బండ, బండ తప్పితే గుంత. మూడో మలుపులో కారు దగ్గి, ఆవిరి కక్కి నిలబడిపోయింది. నాయన దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. డ్రైవరు సాయిబు తీరిగ్గా బీడీ వెలిగించాడు.

"ఇంత బరువుతో ఎక్కదప్పా. గంపలన్నా దించాల, మనుషులన్నా దిగాల."

"గంపలు ఈడనే దించేసి పోదాం పాండి. లగ్నం దాటిపోతాది" అంది అమ్మ. ఈసారి నన్ను దాటుకుని నేరుగా నాయనతోనే అంది.

"ఈడ దించితే కోతులు మిగిలిస్తాయా?"

"కోతులే తిననీ!"

నాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తాను గంపలకు కాపలాగా అక్కడే ఉంటాడట. కారు మమ్మల్ని కొండపైన దించి, మళ్లీ కిందికి పోయి, ఆయన్నూ గంపలనూ ఎక్కించుకుని వస్తుందట.

కొండపైకి రాగానే అమ్మ డ్రైవరును బతిమాలింది. "అన్నా, ఇట్లే పోదాం. మమ్మల్ని పెండ్లి కాడ దించి, మళ్లొచ్చి ఆయన్ను తీసుకరా."

"అట్లెట్లమ్మా! బాడిగ మాట్లాడింది ఆయప్ప. అడివిలో వదిలేసి పోతే నన్ను బతకనిస్తాడా? ఇట్ల పోయి అట్ల వస్తా" అని కారు తిప్పుకుని దిగిపోయాడు.

బండ మీద కూర్చున్నాం. కాసేపటికి రాయచోటి బస్సు మూలుగుతూ ఎక్కివచ్చింది. అమ్మ తమ్ముణ్ని చంకకెత్తుకుని లేచింది. చెయ్యి సగం ఎత్తి దించేసుకుంది. బస్సు వెళ్లిపోయింది. మొగుణ్ని దోవలో వదిలేసి పుట్టింటి పెండ్లికి దిగితే నలుగురూ ఏమంటారో ఆమెకు తెలుసు. ఆ నలుగురి మీద నాకు ఈనాటికీ కోపమే.

కారు మళ్లీ వచ్చేసరికి ఎండ కొండకొసలకు పోయింది. ఒక గంప ఒరిగిందట, దొర్లిన పండ్లన్నీ ఏరి, తువ్వాలుతో తుడిచి పేర్చుకుని వచ్చాడట. "ఒక్క పండు గూడా పోల్యా" అన్నాడు నాయన, ఏదో గెలిచినట్టు. అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తోంది. నాయనకు చెప్పమని నాకు ఒక్క మాటా అందించలేదు.

మేం పోయేసరికి పందిట్లో పెట్రోమాక్సు దీపాలు వెలుగుతున్నాయి, విస్తళ్లు వేస్తున్నారు. కారు పూర్తిగా ఆగకముందే అమ్మ దిగి పరుగెత్తింది. ఆమె వెనకే నేను. బయట నాయన గంపలు మెల్లగా దించమని కేకలేస్తున్నాడు.

మామ బాసికంతోనే ఎదురొచ్చి అమ్మ చేతులు పట్టుకున్నాడు. మంచికే అన్నాడు పాపం, ఓదార్చడానికే అన్నాడు. "ఎందుకక్కా ఆ మొగం? ముడిదేముండాది, పక్కింటక్క ఏసింది లే. ఎవరేస్తే ఏముండాది!"

"అవున్లేరా" అంది అమ్మ. పెండ్లికూతురి దగ్గరికి పోయి, పూలజడ పక్కకు తొలగించి, మెడ వెనక పసుపుతాడును వేళ్లతో తడిమింది. ఒకటో ముడి, రెండో ముడి, మూడోది.

"గట్టిగానే ఏసింది" అంది. ఆ పిల్ల మెడ మీద చెయ్యి అట్లాగే ఉంచి, అంతమందిలో ఏడ్చేసింది.